దిగడంతో మొదలయ్యే విద్య

పుల్ అప్ చూడ్డానికి చిన్న పనే. తలపైన ఉన్న ఇనప కడ్డీని రెండు చేతులతో పట్టుకోవాలి, చేతులు పూర్తిగా చాచి వేలాడాలి, గడ్డం కడ్డీని దాటేదాకా ఒంటిని పైకి లాక్కోవాలి. కాళ్లు ఊపకూడదు. మన హైస్కూలు గ్రౌండుల్లో సింగిల్ బార్ అని ఒకటుండేది. దాన్ని పట్టుకుని కాళ్లు తన్నుకున్నవాళ్లే ఎక్కువ, గడ్డం దాటించినవాళ్లు తక్కువ. అమెరికాలోనూ సంగతి అంతే. ఇక్కడి బడుల్లో అధ్యక్షుడి పేరుమీద నడిచిన ఫిట్‌నెస్ పరీక్షలో చాలాకాలం మగపిల్లలకు పుల్ అప్‌లు ఉండేవి. ఆడపిల్లల చేత మాత్రం మోచేతులు మడిచి కడ్డీ దగ్గర వేలాడించేవారు. వాళ్లవల్ల కాదని ముందే తేల్చేశారన్నమాట.

అమెరికా మెరీన్ సైనిక దళం కూడా మహిళల చేత అలా వేలాడించే పరీక్షే పెట్టేది. 2012 నవంబరులో పద్ధతి మారుస్తున్నామని ప్రకటించింది: 2014 జనవరి 1 నుంచి మహిళలు కూడా కనీసం 3 పుల్ అప్‌లు తీయాలి. గడువు దగ్గరపడేసరికి సౌత్ కరొలినాలోని పారిస్ ఐలండ్ శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన మహిళల్లో 55 శాతం మంది ఆ మూడూ తీయలేకపోయారు. గడువు వాయిదా పడింది. పాతపాట మళ్లీ వినిపించింది: ఆడవాళ్ల ఒంటితీరే అంత, ఏం చేస్తాం!

ఆ మాటను ఒప్పుకోని అధికారిణి మేజర్ మిస్టీ పోసీ. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. మొదట్లో ఆమెకు ఒక్క పుల్ అప్ కూడా వచ్చేది కాదు. నేర్చుకున్నాక, తనలాంటివాళ్ల కోసం ఒక శిక్షణ పద్ధతి తయారుచేసి మెరీన్లకు నేర్పారు. ఈ వ్యాసం ఆ పద్ధతి పనితనం గురించి.

ఆమె పట్టుబట్టేది ఒక్కటే: పుల్ అప్ రావాలంటే పుల్ అప్పే చెయ్యాలి. వినడానికి ఇది వెక్కిరింపులా ఉంటుంది. రానిదాన్ని ఎలా చేస్తాం? ఇక్కడే ఉంది అసలు చమత్కారం. మొత్తంగా రాని కదలికను ముక్కలుగా కోసి, వచ్చే ముక్కతో మొదలుపెట్టడం. అన్నిటికన్నా ముందు వచ్చే ముక్క దిగడం.

స్టూలెక్కో, ఎగిరో గడ్డాన్ని కడ్డీకి పైన పెట్టుకోవాలి. అక్కడ క్షణం ఆగి, చేతులు పూర్తిగా చాచుకునేదాకా వీలైనంత నెమ్మదిగా దిగాలి, గిలక మీద నీళ్లబిందెను చేదతాడు జారనివ్వకుండా బావిలోకి దించినట్టు. జిమ్ భాషలో దీన్ని నెగెటివ్ అంటారు. కండరం కురచ అవుతూ ఎత్తగలిగేదానికన్నా, సాగుతూ ఆపగలిగే బరువు ఎక్కువ. అందుకే ఒంటిని ఒక్క అంగుళం పైకి లాక్కోలేని మనిషి కూడా ఆ ఒంటినే అదుపులో పెట్టుకుని దించగలదు. తన పూర్తి బరువుతో, అసలు కడ్డీ మీద, అసలు దారిలోనే మొదటిరోజు నుంచీ సాధన సాగుతుంది. ఈ ఎత్తుగడ నాకెంతో నచ్చింది.

రెండో ముక్క ఎగరడం. నేలమీంచి కాళ్లతో కాస్త ఊపు తీసుకుని, మిగిలింది చేతులతో పూర్తిచెయ్యాలి. రోజులు గడిచేకొద్దీ కాళ్ల సాయం తగ్గించుకుంటూ పోవాలి. మూడోది సగం పుల్ అప్: ఎంతవరకు వెళ్తే అంతవరకే. ఏ ముక్క తీసుకున్నా చేసేది పుల్ అప్పే.

దీని పక్కన ఒహాయోలోని డేటన్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం పెట్టి చూస్తే తేడా కనబడుతుంది. ఒక్క పుల్ అప్ కూడా రాని 17 మంది మహిళలకు వారానికి మూడురోజుల చొప్పున మూడునెలలు శిక్షణ ఇచ్చారు. బరువులెత్తించారు, ఏటవాలుగా ఉండి కడ్డీకి లాక్కునే తేలిక రూపం చేయించారు. వాళ్ల బలం పెరిగింది, కొవ్వు తగ్గింది. చివరికి పుల్ అప్ తీసింది మాత్రం నలుగురే. 2012లో న్యూయార్క్ టైమ్స్ దీన్ని రాసినప్పుడు చాలామంది ఆడవాళ్ల ఒంటిని తప్పుపట్టారు. నాకైతే శిక్షణ తీరునే అడగాలనిపిస్తుంది. పొడుగు చేతులు, ఒంట్లో కొవ్వు పాలు పుల్ అప్‌ను కష్టం చేస్తాయి, నిజమే. కానీ ఏటవాలు కడ్డీ నేర్పేది ఏటవాలుగా లాగడమే కదా!

బలం అంటే కండ ఒక్కటే కాదని 1979లోనే మొరిటాని, డివ్రీస్ అనే పరిశోధకులు చూపించారు. సాధన మొదలైన తొలివారాల్లో పెరిగే బలంలో పెద్దపాలు నరాలది: ఉన్న కండరాన్నే ఎక్కువగా, సరైన వరసలో పనిలోకి దించడం ఒంటికి అలవాటవుతుంది. పుల్ అప్‌లో ఆ వరస ముఖ్యం. కొత్తవాళ్లు భుజాలు చెవుల దాకా ఎత్తుకుని, మోచేతులు మడిచే చిన్న కండరాలతో లాగబోయి ఆగిపోతారు. ముందు వీపుమీది రెక్క ఎముకలు కిందికి దిగాలి. అప్పుడు నడుము నుంచి పై చేతి ఎముకదాకా పరుచుకున్న పెద్ద కండరం భారం తీసుకుంటుంది. వేలాడుతూ, మోచేతులు మడవకుండా, భుజాలను మాత్రమే కిందికి లాగి వదలడం చేస్తే ఇది తెలిసొస్తుంది. అరచేతులు తనవైపు తిప్పి పట్టుకుంటే ఇంకాస్త తేలిక. మెరీన్ల పరీక్షలో ఏ పట్టైనా ఫరవాలేదు.

ఒళ్లు హూనమయ్యేదాకా చెయ్యక్కర్లేదన్నది ఈ తరహా సాధనలో ఇంకో మంచి మాట. సోవియట్ మిన్స్క్‌లో పుట్టి అమెరికా వచ్చిన వ్యాయామ శిక్షకుడు పావెల్ సాట్సులిన్ కూడా 2003 నాటి తన పుస్తకం 'ద నేకెడ్ వారియర్'లో ఇలాంటిదే చెప్పాడు: అలసిపోకముందే ఆపు, రోజులో పలుమార్లు చెయ్యి. మన తాలింఖానాల్లో వందల దండీలు, బస్కీలు తీయించిన ఉస్తాదులకు ఇది మింగుడుపడకపోవచ్చు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు మాత్రం సరిగ్గా అతుకుతుంది. బ్యారక్సులో కడ్డీ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది, మన ఆఫీసుల్లో ఉండదు, అదొక్కటే ఇబ్బంది. పడకగది గుమ్మానికి బిగించే కడ్డీ ఆ కొరత తీరుస్తుంది, బిగింపు గట్టిదైతేనే.

మళ్లీ మెరీన్ల పరీక్ష సంగతికొస్తే, 2017 నుంచి వాళ్లలో మగవాళ్లయినా ఆడవాళ్లయినా పుల్ అప్‌ల బదులు పుష్ అప్‌లు ఎంచుకునే వీలొచ్చింది. కానీ పుష్ అప్‌లకు ఎంత చేసినా 70 మార్కులే, నూరు కావాలంటే పుల్ అప్‌లు తీయాల్సిందే.

మీ అపార్ట్‌మెంట్ జిమ్‌లోనో, పిల్లల్ని ఆడించే పార్కులోనో కడ్డీ ఉండే ఉంటుంది. భుజానికో మోచేతికో పాత దెబ్బలుంటే ముందు డాక్టర్‌ని అడగండి. లేకపోతే కిందొక స్టూలు వేసుకుని, గడ్డం పైన పెట్టి, నెమ్మదిగా దిగండి.