వేట దిగిన చేతులకే తాళం అందం

శనివారం పొద్దు గూకాక పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవు నుంచి గట్టు మీదికి నడిచి రండి. 2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోళ్ళకి పాత పేరే అలవాటు. డుంగీ పడవల ఇంజన్ల మోత వెనకబడ్డాక రేకుల కప్పు వేసిన మా భజన మందిరంలో కంచు తాళం మోగుతుంది. ముందు ఒక్క జతే. నాలుగు దెబ్బలయ్యాక ఇంకో జత కలుస్తుంది. హార్మోనియం శృతి పడుతుంది. అప్పుడు మా భజన గురువు గొంతు లేస్తుంది.

ఆయన్ని మేమంతా పెదమావ అంటాం. తెల్లారకముందే వేటకి పోయి, కోనెం, సూర రేవులో దింపి, చిరిగిన వల బాగుచేసుకుని, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని వచ్చి చాప మీద కూర్చుంటాడు. ఎంత రుద్దినా వేళ్ళ మీద ఉప్పునీటి కోతలు పోవు. ఆ వేళ్ళకే తాళాల తాడు చుట్టుకుంటాడు. నేను మద్రాసు డిసెంబరు సభల్లో పేరున్న విద్వాంసుల కచేరీలు విన్నవాణ్ణి. అయినా గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, అంత నిండుగా తాళం పలికించిన చెయ్యి మరొకటి చూడలేదు.

తాళం వెయ్యడం చిన్నపిల్లల పని అనుకునేవాళ్ళు ఒక్కసారి ఆ చేతుల్ని దగ్గరగా చూడాలి. ఎడమచేతి తాళం వెల్లకిలా, కదలకుండా ఉంటుంది. కుడిచేతిది ఏటవాలుగా వచ్చి దాని అంచుని రాసుకుంటూ పడుతుంది. రెండూ బల్లపరుపుగా ఎదురెదురు కొట్టుకుంటే లోపల గాలి చిక్కుకుని నాదం చచ్చిపోతుంది. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే. దెబ్బ పడ్డాక కుడిచెయ్యి లేచిపోతే మోత సాగుతుంది. అరచెయ్యి అంచుకి ఆనిస్తే మోత అక్కడికక్కడే ఆగుతుంది. ఒకటి విప్పిన దెబ్బ, ఒకటి మూసిన దెబ్బ. ఈ రెంటినే మార్చి మార్చి వేస్తూ పెదమావ ఒకే ఆది తాళంలో ఒక పాటకి ఊయల నడక, ఇంకో పాటకి తెడ్డు వేసే ఊపు తెప్పిస్తాడు.

ఇక పాట అందుకోవడం ఒక విద్య. గురువు పల్లవి అంటాడు, వంతవాళ్ళు తిరిగి అంటారు. చూడ్డానికి ఇంతే. కానీ గురువు చివరి అక్షరం పూర్తిగా దిగకముందే వంత ఎత్తుకోవాలి, వంత చివరి అక్షరం మీద గురువు మళ్ళీ ఎక్కాలి. రెంటి మధ్య సందు కనబడిందా, పాట చిల్లు పడిన పడవే. వలలో ముడి పక్కన ముడి పడ్డట్టు పడాలంటాడు పెదమావ. పగలంతా ఒకే వలకి అటూ ఇటూ నిలబడి హైలెస్సా అని లాగినవాళ్ళకి ఈ కిటుకు వేరే నేర్పక్కర్లేదు. పక్కవాడి ఊపిరి ఎప్పుడు అందుకోవాలో వాళ్ళ భుజాలకి తెలుసు.

అన్నిటికన్నా కష్టం కాలం పెంచడం. నిదానంగా మొదలైన నామం అరగంటలో పరుగందుకోవాలి, కానీ ఎక్కడ పెరిగిందో ఎవరికీ తెలియకూడదు. కుర్రాళ్ళ చేతులు దురదపెట్టి ముందుకి పోతుంటాయి. అప్పుడు పెదమావ పాట ఆపకుండానే కనుబొమ్మ ఎగరేస్తాడు. అప్పటికీ ఆగకపోతే చరణం సందులో, "ఒరే అల్లుడా, తాళం పరిగెడతంది, లంగరెయ్యి!" అంటాడు. ఆఖర్న ముప్ఫై మంది గొంతులు, పది జతల తాళాలు, డోలక్కు, చిడతలు అన్నీ ఉచ్చస్థాయిలో ఉండగా ఆయన చెయ్యి పైకి లేచి మూసుకుంటుంది. ఒక్క దెబ్బ. ఆ తరవాత రేకుల మీద వానచినుకు కూడా వినపడేంత నిశ్శబ్దం. ఆ క్షణం కోసమే నేను వారమంతా ఎదురుచూస్తాను.

ఏకాహం నాడు మా వాళ్ళ ప్రతాపం చూడాలి. ఇరవై నాలుగు గంటలు నామం ఆగకూడదు. ఒక జట్టు అలసిపోయేలోపు రెండో జట్టు వచ్చి వెనక వరసలో కూర్చుని సన్నగా గొంతు కలుపుతుంది. గొంతు కలిశాక పాతవాళ్ళు ఒక్కొక్కరే లేస్తారు. తాళాలు మోగుతూనే చేతులు మారతాయి. చాథం దీవిలో 1883 నాటి రంపపు మిల్లు ఉంది. అక్కడ పనిచేసే మా బావ ఒకడు పగలంతా రంపాల హోరులో నిలబడి, రాత్రి రెండింటి జట్టుకి ఠంచనుగా వస్తాడు. నిద్ర చాలదు కదా బావా అంటే, "రంపం గోల చెవిలోంచి దిగాలంటే ఇదే మందు" అంటాడు. వాడికి అది పూజా, విశ్రాంతీ, నేస్తాల్ని చూసుకునే వేళా కూడా.

ఈ తాళాలు ఇక్కడికెలా వచ్చాయంటే పెద్దలు చెప్పుకునే మాటే నాకు ఆధారం. 1950ల నుంచి శ్రీకాకుళం, విశాఖ తీరాల కుటుంబాలు ఓడెక్కి ఈ దీవులకి వచ్చినప్పుడు బియ్యం మూటలో చుట్టి తెచ్చారట. అవి శ్రీకాకుళం వైపు బుడితి ఊళ్ళో పోసిన కంచువని మా వాళ్ళ నమ్మకం. 2011 నాటికి దీవుల జనంలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళని ఆ ఏటి జనాభా లెక్కలు చెబుతున్నాయి. చరిత్రకి అది చాలు.

భజనని రెండో రకం సంగీతంగా చూసే సభల పెద్దలంటే నాకు కోపం. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఎవరి కోసం కట్టాడు? పదిమంది చేరి పాడుకోవడానికే కదా! ఉంఛవృత్తికి వీధి వీధీ పాడుతూ తిరిగిన మహానుభావుడు ఆయన. తెలుగునేలకి దూరంగా కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడినవాడు మా దీవులవాళ్ళకి దగ్గర చుట్టం కాడా? అన్నమయ్య దంపుళ్ళ పాటల్నీ, జాజరల్నీ, ఏలల్నీ దేవుడి ముందుకి తెచ్చాడు. పనిపాటలకి గుళ్ళో పీట వేసినవాడు ఆయన.

మా ఉత్తరాంధ్ర సంగతంటారా, లయలో మాకు సాటి ఎవరు? అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు రెండు కాళ్ళకి రెండు తాళాలు, రెండు చేతులకి రెండు, శిరస్సుకి ఒకటి పెట్టుకుని ఐదూ ఒక్కసారి నడిపించి చూపిన లయబ్రహ్మ. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెడితే తొలి ప్రిన్సిపాలు ఆయనే. చదువుకుందామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా కూర్చోబెట్టిన గుణగ్రాహి. ఆ గాలి పీల్చిన నేల నుంచి వచ్చినవాళ్ళం. మా చేతికి తాళం బరువా?

భజనకీ నమ్మకానికీ ఉన్న ముడి నాకు తెలిసింది మాత్రం ఒక్క రాత్రే. 2004 డిసెంబరు 26 సునామీ తరవాత చాలా వారాలు మా మందిరంలో తాళం మోగలేదు. పడవలు పోయినవాళ్ళు, అయినవాళ్ళ కబురు తెలియనివాళ్ళు, సముద్రం వైపు తల తిప్పనివాళ్ళు. ఒక శనివారం పెదమావ వచ్చి దీపం పెట్టి పల్లవి ఎత్తాడు. వంత రాలేదు. మళ్ళీ ఎత్తాడు. రాలేదు. మూడోసారి ఎత్తేసరికి వెనక గోడ దగ్గర, చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక అత్త సన్నగా అందుకుంది. ఆమె వెనక ఒక్కొక్కరే. దేవుడు ఎందుకిలా చేశాడని ఆ రాత్రి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పక్కవాడు పాడుతున్నాడు కాబట్టి మనమూ పాడాలి, అంతే. నా భక్తి అప్పటినుంచీ దాని మీదే నిలబడి ఉంది. కార్ నికోబార్ చర్చిల్లో నికోబారీ సోదరులు గొంతులు పంచుకుని పాడే పాట విన్నప్పుడల్లా నాకు ఆ అత్త గొంతే గుర్తొస్తుంది. దేవుడి పేరు వేరు, అందుకునే తీరు ఒకటే.

ఇంత సంపద పెట్టుకుని ఇవాళ మనం ఏం చేస్తున్నాం? వినాయక చవితికి లారీ ఎత్తు బాక్సులు అద్దెకి తెస్తున్నాం. పెన్‌డ్రైవులో భజన పెట్టి పందిట్లో పేకాడుకుంటున్నాం. సినిమా వరసకి దేవుడి పేరు అతికించి అదే భక్తిగీతం అంటున్నాం. మిషను డప్పు మొదటి దెబ్బ నుంచి ఆఖరి దెబ్బ దాకా ఒకటే వేగం. పాడేవాడు అలిశాడా, ముసలాయన గొంతు వెనకబడిందా, పసిపిల్ల కొత్తగా కలిసిందా, దానికి పట్టదు. అందుకోవడానికి మనిషిని అడగని పాట భజన ఎలా అవుతుందండీ? డబ్బిచ్చి మోత కొనుక్కుని, ముప్ఫై గొంతుల్ని మూయించడం పండగా? చందాలు ఇచ్చేవాళ్ళని, పెద్దరికం చేసేవాళ్ళని నిలదీసి అడుగుతున్నాను.

పిల్లల్ని తప్పుపట్టను. వాళ్ళు వీధిలో హిందీ, బళ్ళో ఇంగ్లీషు, ఇంట్లో సగం తెలుగు. పల్లవిని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడే పిల్లలు మా మందిరంలో ఉన్నారు. రాసుకోనివ్వండి. నోటికి తెలుగు ఎక్కితే చాలు. మన సంఘాల పెద్దలకి నా విన్నపం ఒక్కటే. ప్రతి పండక్కీ బాక్సులు మోగకముందు ఒక్క గంట తాళాలకి వదలండి. ఇంటికొక పిల్లనో పిల్లాడినో శనివారం చాప మీదికి పంపండి. పెదమావల వరసలు ఫోన్లలోనైనా ఎక్కించి దాచండి, కానీ ఫోను పెట్టి ఊరుకోకండి, పక్కన కూర్చుని అందుకోండి.

పోయిన శనివారం ఎనిమిదేళ్ళ కుర్రాడొకడు చిన్న జత పట్టుకుని కూర్చున్నాడు. రెండూ ఎదురెదురు కొట్టాడు, టప్పుమంది. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. పెదమావ పాట ఆపలేదు. వంత నడుస్తుండగా ఒక చెయ్యి చాచి, కుర్రాడి కుడి మణికట్టు పట్టుకుని కాస్త వాల్చాడు. ఈసారి అంచు అంచుని రాసింది. ఆ మోత పల్లవి అయిపోయేదాకా సాగింది. కుర్రాడు తలెత్తి మా అందరి వైపూ చూశాడు. వంత ఇంకొక్కసారి అదే పల్లవి అందుకుంది, వాడి కోసం.