మా కోపానికి మీరు పెట్టిన పేరు

ఒకే ఊరు, ఒకే రోజు, ఒకే రకం కాగితం. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్‌లో ఓట్లు పడింది యంత్రాల్లో కాదు, కాగితాల మీదే. లెక్క తేలాక ఆ కాగితాలకు రెండు పేర్లొచ్చాయి. భారతీయ జనతా పార్టీ 4 డివిజన్ల నుంచి 48కి ఎగబాకితే అది ‘ప్రభుత్వ వ్యతిరేకత’, ‘నగరం కోరిన మార్పు’. మజ్లిస్ తన 44ని నిలబెట్టుకుంటే అది ‘ఓటు బ్యాంకు’. అక్కడ ఓటేసినవాడు పౌరుడు. ఇక్కడ ఓటేసినవాడు ఎవరి ఖాతాలోనో జమ అయిన పైకం.

కోపం తెచ్చుకునే హక్కు ఈ దేశంలో ఎవరెవరికి ఉందని మేం అడుగుతున్నాం. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో గద్దెనెక్కితే ఆత్మగౌరవం అన్నారు. 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి ఆ ఏడాదే స్థానిక ఎన్నికల్లోకి దిగి నిజామాబాద్, కరీంనగర్ జిల్లా పరిషత్తులు గెలిస్తే అస్తిత్వం అన్నారు. మేమూ అన్నాం. ఆ జెండాలు మోసినవాళ్లు మాలోనూ ఉన్నారు. మరి అదే నిరసన పాతబస్తీ గల్లీలోంచి వస్తే మటుకు మతతత్వం ఎందుకవుతుంది? 1986 కార్పొరేషన్ ఎన్నికల తరువాత మేయరు పదవి చేతికొచ్చిన కాలంలో మజ్లిస్ కె. ప్రకాశరావును, ఎ. సత్యనారాయణను, ఆలంపల్లి పోచయ్యను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ముస్లిముల ఓట్లతో హిందువులు మేయర్లయ్యారు. ఈ సంగతి ఎన్నికల విశ్లేషణల్లో ఎన్నిసార్లు చదివారో లౌకికవాద మిత్రులే చెప్పాలి.

మీతో ఇంత గట్టిగా మాట్లాడిన మేం ఇంటిలోపలి మాట మింగేస్తే అది నిజాయితీ కాదు. మజ్లిస్‌ని ఇంకా నిరసన పార్టీ అనొచ్చా? 1958లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ పునరుద్ధరించాడు. ఆయన తరువాత కొడుకు సలాహుద్దీన్, ఆయన తరువాత మనవడు అసదుద్దీన్. నిరసన కూడా ఇల్లూ పొలంలాగా వారసత్వంగా సంక్రమిస్తుందా? బాబ్రీ మసీదు కూలిన మరుసటి ఏడాదే ఈ ప్రశ్న పాతబస్తీలో లేచింది. పీవీ నరసింహారావు ప్రభుత్వం మీద గట్టిగా నిలబడలేదని ఆరోపిస్తూ అమానుల్లా ఖాన్ బయటికొచ్చి మజ్లిస్ బచావో తహరీక్ పెట్టాడు. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో తహరీక్‌కు రెండు సీట్లొచ్చాయి, మజ్లిస్‌కు ఒక్కటి. నిరసన పార్టీ మీద నిరసన! ‘మూకుమ్మడిగా ఓటేస్తారు’ అని మమ్మల్ని ఆడిపోసుకునేవాళ్లు ఈ లెక్క ఎందుకో మరిచిపోతారు.

ఇంకో సంగతి. 1986 తరువాత 2002 దాకా హైదరాబాద్ కార్పొరేషన్‌కు ఎన్నికలే జరగలేదు. 1990 డిసెంబరు అల్లర్లు, 1992 డిసెంబరు 6, రెండూ ఆ మధ్యలోనే. మా బతుకులు అంతగా కంపించిన ఆ రోజుల్లో గల్లీ స్థాయిలో ఓటు వేసి మా మాట చెప్పుకునే దారే లేదు. ఆ తరువాత ఎన్నికలొచ్చినప్పుడు వార్డు ఓటు కూడా మసీదు గాయానికీ, ప్రాణభయానికీ జవాబైపోయింది. మోరీల గురించిన ఓటు మోరీల గురించి కాకుండా పోయింది.

ఎంతగా పోయిందో 2020 చూపించింది. ఆ అక్టోబరులో కురిసిన వానకు పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ మునిగింది. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు బురదలో కలిశాయి. పదివేల రూపాయల వరద సాయం కోసం జనం మీసేవల ముందు బారులు తీరారు. ఆరేడు వారాలు తిరిగేసరికి పోలింగు. చెరువుల్లోకి కాలనీలు ఎలా వచ్చాయి, ఎవరు అనుమతిచ్చారు, నాలాలు ఎవరు మింగారు అనే మాటలు తప్ప వేరే మాట వినపడకూడని ఎన్నిక అది. వినపడిందేమిటి? పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రయిక్ చేస్తామని బండి సంజయ్. చెరువుల ఆక్రమణలే తొలగించాలంటే హుస్సేన్‌సాగర్ మీది పీవీ, ఎన్టీఆర్ ఘాట్లు తొలగిస్తారా అని అక్బరుద్దీన్ ఒవైసీ. అయితే దారుస్సలాం కూలుస్తామని మళ్లీ సంజయ్. చెరువు మాట రానైతే వచ్చింది, పోట్లాటకు పనిముట్టుగా! నడుం లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి ఇద్దరి నోటా లేడు. నగరంలో సగం మంది ఓటే వేయలేదు. మజ్లిస్ 51 చోట్ల పోటీ చేసి 44 గెలిచింది.

మా అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు ఆ బురద కడుక్కుని వెళ్లి గాలిపటానికే ఓటేశారని వెక్కిరించేవాళ్లున్నారు. సర్జికల్ స్ట్రయిక్ మాట విన్నవాడు మోరీ గురించి ఆలోచించగలడా? భయపెట్టేవాళ్లు ఒకరు, ఆ భయాన్ని కాపలా కాసేవాళ్లు ఇంకొకరు. ఈ ఇద్దరి మధ్య కార్పొరేటరును లెక్క అడిగే తీరికే మాకు లేకుండా పోయింది. మేం తప్పుపట్టేది ఈ ఏర్పాటును, ఓటేసినవాళ్లను కాదు.

పైగా ఈ ఓటు శాశ్వతమూ కాదు. నాందేడ్ చూడండి, ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోదే. 2012లో కాంగ్రెస్ మీది విసుగుతో అక్కడి కార్పొరేషన్‌లో మజ్లిస్‌కు 81లో 11 స్థానాలిచ్చారు. 2017లో ఒక్కటీ ఇవ్వలేదు. కాంగ్రెస్‌కు 73 వచ్చాయి. పని నచ్చక దించేశారో, ఓట్లు చీలితే ఎవరు వస్తారో చూసుకుని జాగ్రత్తపడ్డారో, ఏదైనా అది ఆలోచించి వేసిన ఓటే. దాన్ని బ్యాంకు అనడం ఎట్లా?

నిరసన పార్టీ లేచిన చోట్ల పటం గీస్తే అందులో అల్లర్ల జాడ కనిపిస్తుంది. 2008 అక్టోబరులో భైంసా మండింది. పక్కనున్న వాటోలిలో ఒకే ఇంట్లో ఆరుగురిని తగలబెట్టారు. ఆ భైంసా మునిసిపాలిటీ 2014లోనూ 2020లోనూ మజ్లిస్‌దే. ఒక మొహల్లాలోకి తరిమితేనే మా తలలు లెక్కలోకొచ్చే సంఖ్య అవుతాయి. తరమబడనివాళ్ల సంగతి? ఊరికి నాలుగిళ్లుండే దూదేకుల సాయిబు, పరుపులు కుట్టే పింజారి, మేకను కోసే ఖసాబు, వీళ్లకు ఏ నిరసన పార్టీ ఉంది? సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. రెడ్డిగారి మనిషికో, అవతలి దొరగారి మనిషికో ఓటేసి, వేసినట్టు వాళ్లకు నమ్మకం కలిగించి, మళ్లీ అదే వాకిట్లో బతకాలి. ఉర్దూ రాని ఈ సాయిబు దారుస్సలాంకు కనపడడు, తెలుగు పత్రికకూ కనపడడు. వేలు మీది సిరా ఆరకముందే ఆయన్ని పిలిపించి, గుర్తు ఏదేశావురా అని అడుగుతారు.