వార్ వన్‌సైడ్ అయ్యాక

ఫుట్‌బాల్ చూసేవాళ్లలో ఒక మర్యాద ఉంది. మ్యాచ్ ఏడు–సున్నాతో ముగిస్తే గెలిచిన జట్టు అభిమాని కూడా పెదవి విరిచి, "ప్చ్, పోటీయే లేదండీ, మజా రాలేదు" అనాలి. అలా అంటేనే ఆట తెలిసినవాడి కింద లెక్క. ఆఖరి నిమిషంలో గోల్ పడి మూడు–రెండుతో గట్టెక్కిన మ్యాచ్‌నే పదేళ్లపాటు చెప్పుకోవాలి. ఈ మర్యాద నా వల్ల కాదు. 2023 మార్చి 5న లివర్‌పూల్ తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 7–0తో చిత్తు చేసిన రాత్రి నాకు కలిగిన ఆనందం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసిన ఏ ఒకటి–సున్నా మ్యాచ్‌లోనూ కలగలేదు.

హోరాహోరీ మ్యాచ్‌లో అభిమాని ఆటను చూడడు, గడియారాన్ని చూస్తాడు. ఒక్క గోల్ ఆధిక్యంతో 80వ నిమిషంలోకి వచ్చిన జట్టు మనదైతే, బంతి మన పెనాల్టీ బాక్సుకు ఎంత దూరంలో ఉందన్నదొక్కటే మనకు కావాలి. మన డిఫెండర్ దాన్ని స్టాండ్‌లోకి తన్నేస్తే హమ్మయ్య అంటాం. అదే డిఫెండర్ చల్లగా బంతిని ఆపి, తలెత్తి చూసి, పక్కవాడికి అందించాడనుకోండి, తిడతాం. అసలు ఆట అంటే ఆ రెండోది. వెయిటింగ్ లిస్టు టికెట్‌తో రైలెక్కినవాడికి రాజమండ్రి దగ్గర గోదావరి కనపడదు, టీసీ కనపడతాడు. బెర్తు కన్ఫర్మ్ అయ్యాకే గోదావరి. నా లెక్కలో ఆ కన్ఫర్మేషన్ మూడో గోల్‌తో వస్తుంది. రెండు గోల్స్‌ను నమ్మను. ఎందుకు నమ్మనో కాస్త ఆగి చెబుతాను.

ఆ రాత్రి మూడో గోల్ 50వ నిమిషంలో పడింది. కుడివైపున మొహమ్మద్ సలాకు బంతి దొరికింది. అడ్డంగా లిసాండ్రో మార్టినెజ్. అర్జెంటీనా తరఫున ప్రపంచ కప్ గెలిచి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు, సామాన్యుడేం కాదు. సలా లోపలికి వస్తున్నట్టు ఒళ్లు వంచాడు, మళ్లీ బయటికి తిరిగాడు, మళ్లీ లోపలికి. మార్టినెజ్ కాళ్లు ఒకవైపు, నడుము ఒకవైపు అయ్యి నేల మీద కూలబడ్డాడు. సలా బంతిని కోడీ గాక్పో దారిలోకి తోశాడు. గోల్‌పోస్టుకూ గాక్పోకూ మధ్య కోణం చాలా ఇరుకు. ఎవరైనా అక్కడ గుడ్డిగా బాదేస్తారు. అతను బంతి కిందికి పాదం పోనిచ్చి మెల్లగా లేపాడు, అది గోల్‌కీపర్ డి హెయా మీదుగా వెళ్లి వలలో పడింది. స్కోరు ఒకటి–ఒకటి దగ్గర ఉండగా ఈ గోల్ పడి ఉంటే గెంతేవాణ్ని, గొంతు చించుకునేవాణ్ని, సలా నడుము తిప్పిన తీరు మాత్రం చూసి ఉండేవాణ్ని కాదు.

ఇలాంటి స్కోరు చూసి మొదటి నుంచీ వార్ వన్‌సైడే అనుకుంటారు. కాదు. ఆ రోజు ఫస్టాఫ్‌లో యునైటెడ్ మావాళ్లకేమీ తీసిపోలేదు. నిజానికి అప్పటికి మాకంటే మంచి ఊపులో ఉన్నది వాళ్లే. వారం కిందటే వెంబ్లీలో న్యూకాసిల్‌ను ఓడించి లీగ్ కప్ ఎత్తారు. ఆన్‌ఫీల్డ్‌లో బ్రూనో ఫెర్నాండెజ్ తలతో కొట్టిన బంతి పోస్టు పక్కనుంచి పోయింది. కాసెమిరో హెడర్ వలలోకి వెళ్లింది కానీ ఆఫ్‌సైడ్. 43వ నిమిషంలో ఎడమవైపు నుంచి ఆండీ రాబర్ట్‌సన్ డిఫెన్స్‌ను చీల్చుతూ ఇచ్చిన పాస్‌ను గాక్పో అందుకుని, లోపలికి కోసుకొచ్చి, దూరపు మూలకు కొట్టాడు. హాఫ్ టైమ్‌కు 1–0, అంతే. మిగతా ఆరూ సెకండాఫ్‌లోనే పడ్డాయి. 47లో డార్విన్ నునెజ్, 50లో గాక్పో, 66లో సలా, 75లో నునెజ్, 83లో సలా, 88లో రాబెర్టో ఫర్మీనో.

గోల్స్ ఇలా కుప్పగా ఎందుకు పడతాయన్నది నాకు ఎప్పటినుంచో ఇష్టమైన ప్రశ్న. ఒక జట్టు ఉన్నట్టుండి చేతకానిదైపోదు. రెండు గోల్స్ వెనకబడగానే దానిలో సగం మంది ఎలాగైనా ఒకటి కొట్టాలని ముందుకు ఉరుకుతారు, సగం మంది ఇంకోటి పడకూడదని వెనక్కి జరుగుతారు. మధ్యలో ఒక మైదానమంత ఖాళీ తయారవుతుంది. సలా, నునెజ్, గాక్పోలాంటి పరుగువీరులు ముగ్గురుండగా ఆ ఖాళీని వదిలిపెట్టడమంటే తలుపులు తీసి పిలవడమే. నాలుగో గోల్ అలాంటి ఎదురుదాడిదే. ఆ తర్వాత వచ్చే జబ్బు కాళ్లది కాదు, మనసుది. బంతి పోగొట్టుకున్నవాడు వెనక్కి పరుగెత్తడు, పక్కవాడి వైపు చేతులు విసురుతాడు. ఆ రాత్రి యునైటెడ్ కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ కట్టుకున్న ఫెర్నాండెజ్ చేతులు ఎన్నిసార్లు గాల్లోకి లేచాయో చూసినవాళ్లకు తెలుసు. ఏకపక్షమైన మ్యాచ్‌లో ఓడే జట్టును చూడటం కూడా అభిమాని చేయాల్సిన పనే. మొదట నోరు మూసుకునేది ఎవరో, ఆఖరిదాకా పరుగెత్తేది ఎవరో అక్కడే తేలుతుంది.

మా బావమరిది యునైటెడ్ మనిషి. బెక్‌హామ్ జుట్టు చూసి మొదలుపెట్టి, బెక్‌హామ్ పోయినా ఆ జట్టును వదల్లేదు. నాలుగో గోల్ పడ్డాక ఫోన్ చేశాను, ఎత్తలేదు. మన టైము ప్రకారం మ్యాచ్ ఆదివారం రాత్రి పదింటికి మొదలైంది కాబట్టి, ఆరో గోల్ పడేసరికి అర్ధరాత్రి కావస్తోంది. అప్పుడు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: "బావా, పడుకుంటున్నా. రేపు ఆఫీసుంది." ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ మెసేజ్ నేను ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

ఏడో గోల్ ఫర్మీనోది కావడం బోనస్. 2015 నుంచి ఆడుతున్నవాడు, సీజన్ చివర్లో వెళ్లిపోతున్నాడని రెండు రోజుల ముందే బయటికి పొక్కింది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గోల్ కొట్టేసరికి స్టేడియం ఊగిపోయింది. ఆ ఊపులో ఒక కుర్రాడు మైదానంలోకి పరుగెత్తుకొచ్చి, సంబరం చేసుకుంటున్న ఆటగాళ్ల గుంపులోకి జారుకుంటూ దూసుకెళ్లి రాబర్ట్‌సన్ కాళ్లను తన్నేశాడు. మేనేజర్ క్లోప్ ముఖం చూడాలి! ఏడు గోల్స్ కొట్టిన రోజున మా లెఫ్ట్ బ్యాక్ కాలు విరగ్గొట్టినంత పని చేసింది యునైటెడ్ ఆటగాడు కాదు, మా అభిమానే. అదృష్టం బాగుండి రాబర్ట్‌సన్ లేచి నడిచాడు.

యునైటెడ్ మీద లివర్‌పూల్ అంతకుముందు సాధించిన అతిపెద్ద గెలుపు 1895 నాటి 7–1. సలా అదే మ్యాచ్‌లో 129వ గోల్‌తో రాబీ ఫౌలర్‌ను దాటి, ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ తరఫున అత్యధిక గోల్స్ కొట్టినవాడయ్యాడు. రికార్డుల సంగతి ఇంతే, వీటికోసం నేను మ్యాచ్ మళ్లీ చూడను.

ఇక్కడ ఒక పేచీ వస్తుంది. అయిదు గోల్స్ ఆధిక్యం వచ్చాక ఆగొచ్చు కదా, అంతలా తొక్కాలా? క్రికెట్‌లో కెప్టెన్ డిక్లేర్ చేస్తాడు, బాక్సింగ్‌లో రిఫరీ చేతులడ్డం పెట్టి ఆపేస్తాడు. ఫుట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు, 90 నిమిషాలూ ఆడి తీరాలి. జాలిపడి బంతిని అటూ ఇటూ తోసుకుంటూ కాలక్షేపం చేస్తే అవతలివాడికి అంతకంటే అవమానం ఉండదు. ఎదుటివాణ్ని ఆటగాడిగా చూస్తున్నాననడానికి గుర్తు, ఏడో గోల్‌కు కూడా మొదటి గోల్‌కు పరుగెత్తినట్టే పరుగెత్తడం. తొమ్మిది పడ్డా జట్లు చచ్చిపోవు. సౌతాంప్టన్‌ను చూడండి. 2019 అక్టోబరులో సొంత మైదానంలో లెస్టర్ చేతిలో 0–9తో ఓడింది. సిగ్గుతో ఆటగాళ్లు ఆ రోజు జీతాన్ని క్లబ్ సేవాసంస్థకు ఇచ్చేశారు. 2021 ఫిబ్రవరిలో ఓల్డ్ ట్రఫోర్డ్‌లో యునైటెడ్ చేతిలో మళ్లీ 0–9. రెండో నిమిషంలోనే ఒకడికి రెడ్ కార్డ్. రెండుసార్లూ కోచ్ హాసెన్‌హ్యుట్లే. రెండు సీజన్లలోనూ ఆ జట్టు పై లీగ్‌లోనే నిలబడింది.

ఆ రెండో తొమ్మిది నాకు ఇంకో రకంగా కలుక్కుమనిపిస్తుంది. కోవిడ్ రోజులవి, స్టాండ్స్ ఖాళీ. యునైటెడ్ తొమ్మిది గోల్స్ కొడుతుంటే ఆటగాళ్ల కేకలు, బంతి తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. పట్టికలో అది సొంత మైదానపు గెలుపే. చూసేవాడు లేని ఇంటిని సొంతిల్లు అనొచ్చా?

హైదరాబాదీలకు ఈ బాధ బాగా తెలుసు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్ అయింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. తీరా జనం గేట్లు దాటి లోపలికి వచ్చే రోజులు తిరిగొచ్చాక, ఒకే ఒక్క సీజన్ బాగా నడిచి, 2023–24లో జట్టు డబ్బుల ఇబ్బందుల్లో పడి కుప్పకూలింది. ఆఖరి స్థానం, మొత్తం సీజన్‌లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నై వెళ్లి. గచ్చిబౌలి స్టేడియంలో స్టాండ్స్‌కూ పచ్చికకూ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంటుంది. ఆటగాళ్ల ముఖాలు కనపడవు, కానీ పైవరసలో కూర్చుంటే పదకొండు మందీ ఎలా సర్దుకుంటున్నారో, ఎక్కడ చెదిరిపోతున్నారో మొత్తం కనపడుతుంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది గనక ఈ చిత్రం టీవీలో దొరకదు. ఓడిపోయే సీజన్‌లో నేను అక్కడ చూసింది ఆ చెదరడాన్నే. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా మిగిలిన కుర్రాళ్లు, ఎదురుగా పూర్తి బలంతో దిగిన జట్లు. అవతలి జట్టు అభిమానులు నాలుగు డప్పులు పట్టుకొచ్చి వాయిస్తుంటే నాకు కోపం రాలేదు. వాళ్ల స్థానంలో నేనుంటే ఇంకా గట్టిగా వాయించేవాణ్ని. ఇప్పుడు ఆ జట్టే ఊళ్లో లేదు, పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

రెండు గోల్స్‌ను ఎందుకు నమ్మనో చెబుతానన్నాను కదా. యునైటెడ్ మ్యాచ్‌కు రెండు వారాల ముందు, ఫిబ్రవరి 21న, అదే ఆన్‌ఫీల్డ్‌లో రియల్ మాడ్రిడ్ మీద మావాళ్లు 14 నిమిషాలకే 2–0 ఆధిక్యంలోకి వెళ్లారు. చివరికి 2–5తో ఓడారు. అదే పచ్చిక, దాదాపు అదే జట్టు. 7–0 తర్వాతి కథ ఇంకా విచిత్రం. ఆరు రోజులకు మావాళ్లు బోర్న్‌మౌత్ వెళ్లారు. ఆ సీజన్ మొదట్లో, 2022 ఆగస్టు 27న, ఆన్‌ఫీల్డ్‌లో ఇదే బోర్న్‌మౌత్‌ను 9–0తో కొట్టి ఉన్నారు. విచిత్రమేమంటే ఆ తొమ్మిదిలో సలాది ఒక్కటీ లేదు. మూడు రోజులకే ఆ జట్టు మేనేజర్ స్కాట్ పార్కర్ ఉద్యోగం పోయింది. ఈసారి కొట్టుడు ఎంత ఉంటుందా అని కూర్చున్నాం. బిల్లింగ్ ఒక గోల్ కొట్టాడు, సలా పెనాల్టీని పోస్టు బయటికి తన్నాడు, 0–1తో తిరిగొచ్చారు. ఒక మ్యాచ్‌లో మిగిలిన గోల్స్‌ను ఇంకో మ్యాచ్‌కు దాచుకునే వీలుంటే ఎంత బాగుండేదో. ఆ రాత్రి బావమరిది తనే ఫోన్ చేశాడు, మొదటి రింగులోనే ఎత్తాల్సి వచ్చింది. "బావా, రేపు ఆఫీసుందా?" అన్నాడు. మర్నాడు ఆదివారం.

సీజన్ ముగిసేసరికి యునైటెడ్ 75 పాయింట్లతో మూడో స్థానంలో ఉంది, మేం 67తో అయిదో స్థానంలో. ఛాంపియన్స్ లీగ్ వాళ్లకు దక్కింది, మాకు పోయింది. ఏడు గోల్స్ కొట్టినా మూడు పాయింట్లే ఇస్తారు, ఒక్కటి కొట్టినా మూడే. బావమరిది ప్రతి పండక్కీ ఈ లెక్క చెబుతాడు, నేను కాదనను. నేను చెప్పే లెక్క వేరే ఉంది. ఆ సీజన్‌లో మా గోల్ తేడా 28, వాళ్లది 15. ఆ ఒక్క మ్యాచ్ తీసేస్తే మాది 21, వాళ్లది 22. ఆదివారం రాత్రి రెండు గంటల్లో తారుమారైన లెక్క అది. ఇంతవరకు విని, అతను ప్రతిసారీ ఒకటే మాటంటాడు: "ఫోన్ అక్కకివ్వు బావా."