పెనుగాలి రాత్రి: ఐరిష్ వంశాన్వేషణలో బాల్యస్మృతి ప్రామాణికత

వంశచరిత్రకు కాగితమే ఏకైక ప్రమాణమైతే ఐరిష్ పూర్వికులను వెతికేవారికి దారి తొలి అడుగులోనే మూసుకుపోతుంది. అంతర్యుద్ధం ఆరంభంలో, 1922 జూన్ 30న, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో పేలుళ్లు సంభవించి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు దగ్ధమైంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనల మూలపత్రాల్లో స్వల్పభాగం తప్ప మిగిలినవన్నీ నశించాయి. తరువాతి నాలుగు గణనల పత్రాలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేయించింది. 1922కు ముందు జరిగిన గణనల్లో సంపూర్ణంగా దొరికేవి 1901, 1911 గణనలు మాత్రమే. గ్రిఫిత్ వాల్యుయేషన్ (1847-64) భూమిని, ఇంటిని అనుభవించినవారి పేర్లు చెబుతుంది గాని ఆ ఇంట పెరిగిన పిల్లల ఊసెత్తదు. ఈ స్థితిలో వృద్ధులు చెప్పిన బాల్యస్మృతులు ఏపాటి ఆధారమన్నది వంశాన్వేషకులకే గాక మౌఖిక సాహిత్య పరిశోధకులకు కూడా సంబంధించిన ప్రశ్న.

అటువంటి స్మృతులలో ప్రసిద్ధమైనది 1839 జనవరి 6 నాటి 'పెనుగాలి రాత్రి'. ముందురోజు మంచు కురిసింది. మరునాడు శీతకాలానికి తగని వెచ్చదనం, నిశ్చలత. చీకటి పడ్డాక అట్లాంటిక్ వైపు నుంచి తుపాను విరుచుకుపడింది. గడ్డి కప్పులు ఎగిరిపోయాయి, పొయ్యిలోని నిప్పురవ్వలు గాలికి లేచి ఇళ్లను అంటించాయి, వందలమంది మరణించారు. ఆ రాత్రితోనే ఫెయిరీలు ఐర్లండును విడిచి వెళ్లిపోయారన్న నమ్మకం కూడా ప్రజల్లో ఏర్పడింది.

ఈ స్మృతికి డెబ్బై ఏళ్ల తరువాత అనుకోని విలువ వచ్చింది. 1908 నాటి వృద్ధాప్య పింఛను చట్టం 1909 జనవరి నుంచి అమలైంది. డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల వరకు లభించేది. ఐర్లండులో జననాల సార్వత్రిక నమోదు 1864లో గాని మొదలుకాలేదు. అర్హులైన వృద్ధుల్లో ఎవరికీ జనన ధ్రువపత్రం ఉండే అవకాశమే లేదు. పెనుగాలి రాత్రి గుర్తుందన్నవారికి డెబ్బై దాటినట్టేనన్న లెక్క అలా వాడుకలోకి వచ్చింది. ఆనాటికి బంగాళాదుంప చేతపట్టుకుని తినేంత వయసు తమకుందని చెప్పుకున్నవారు ఎందరో. 1901 గణనకూ 1911 గణనకూ నడుమ కొందరి వయసు పదేళ్లకు మించి పెరగడాన్ని వంశాన్వేషకులు తరచుగా గమనిస్తారు.

దీనిని పేదల గడుసుతనంగా చెప్పి నవ్వుకోవడం పరిపాటి. అది సగం చదువే. పింఛను అధికారి ఎదుట నిలిచిన వక్తకు తన శ్రోత ఏమి వినదలచాడో తెలుసు. కథనం ఆ అవసరానికి తగిన రూపం దాల్చింది. అయితే 1845లో పుట్టినవాడు ఏటా చలికాలంలో పొయ్యి చుట్టూ కూర్చుని అదే కథ విని పెరిగితే, విన్నదానిని కన్నదానిగా తలచడం అబద్ధమవుతుందా? స్వానుభవ కథనాన్నీ, తరం దాటి వచ్చిన సంప్రదాయాన్నీ జాన్ వాన్సినా వేరుచేసి చూపాడు. ఈ వృద్ధుల మాటలో ఆ రెండింటి మధ్య గీత చెరిగిపోయింది.

1937-39 నడుమ ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ప్రాథమిక పాఠశాలల పిల్లల చేత సేకరింపజేసిన జానపద సామగ్రి ఇందుకు మంచి పరీక్ష. తీవ్ర వాతావరణం అందులో ఒక అంశం. ఇంటి పెద్దలు చెప్పినదాన్ని పిల్లలు రాసుకొచ్చారు. ఇక్కడ పింఛను ప్రలోభం లేదు. అయినా ఎగిరిన కప్పులు, తగలబడిన ఇళ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇవి సూత్రబద్ధ అంశాలు; వంశాన్వేషకునికి వీటివల్ల ప్రయోజనం తక్కువ. అతనికి పనికొచ్చేది సూత్రం తెగిన చోటు: ఎవరి కప్పు లేచింది, ఆ రాత్రి ఎవరింట తలదాచుకున్నారు, ఆ పొలం పేరేమిటి. ధాత కరువుతో (1876-78) వయసు చెప్పుకున్న తెలుగు పెద్దల మాటలోనూ ఇదే విభజన సాధ్యం. కాకపోతే అక్కడ కరువు పేరులోనే సంవత్సరం ఉంది. పెనుగాలి ఎపిఫనీ పండుగనాటిది కనుక రోజు నిలిచింది, సంవత్సరం నిలవలేదు.

వయసు తేల్చడానికి మరో మార్గం కూడా ఉండేది. దరఖాస్తుదారులు తమ తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాటి నివాసం తెలియజేస్తే, డబ్లిన్‌లోని గుమస్తాలు 1841, 1851 గణనపత్రాలలో ఆ కుటుంబాన్ని వెతికి వివరాలను ఎత్తిరాసేవారు. 1922లో మూలం కాలిపోయింది, ఆ అన్వేషణ పత్రాలు మిగిలాయి. ఎన్నో కుటుంబాల విషయంలో ఆ రెండు గణనల నుంచి నేడు దొరికేది ఆ పత్రాల్లోని నాలుగు పంక్తులే. వాటిని రాయించింది ముసలివాళ్ల మాట మీద ప్రభుత్వానికి కలిగిన అనుమానం; గుమస్తాకు వెతకవలసిన ఊరు, ఇల్లు చూపింది వాళ్ల జ్ఞాపకం.