సంతకానికి సాక్షి ఎవరు?

పుస్తకం కొని చదవకపోవడం కొత్తేమీ కాదు. బీరువా నిండా పేర్చుకుని, వచ్చినవాళ్ళకు చూపించి మురిసిపోయేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కానీ అసలు తెరవడానికే వీల్లేకుండా పుస్తకాన్ని మూయించి, అందుకు ఎదురు డబ్బు కట్టి, మూత పడ్డాక విలువ పెరిగిందని సంతోషించేవాళ్ళు కూడా ఉన్నారు. బొమ్మల పుస్తకాలకు గ్రేడు వేయించడమంటే అదే.

అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని సరసోటాలో సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ అని ఒకటుంది. 2000 సంవత్సరం నుంచీ దాని పని ఇదే. మీ కామిక్ పుస్తకం పంపితే అక్కడి పరీక్షకులు పెళ్ళిచూపుల్లో అత్తగారికన్నా శ్రద్ధగా చూస్తారు. పేజీలన్నీ ఉన్నాయా? పిన్నులు తుప్పు పట్టాయా? వెన్ను దగ్గర మడత పడిందా? అంచులు కత్తిరించారా? చిరిగినచోట అంటించి రంగు పూశారా? కాగితం తెల్లగా ఉందా, పెళుసుబారిందా? ఇవన్నీ చూసి 0.5 నుంచి 10 లోపు ఒక మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తారు. దాన్ని వాళ్ళు ‘స్లాబ్’ అంటారు. మనకు స్లాబంటే మిద్దె. వాళ్ళకు పుస్తకం మీద వేసే మిద్దె!

నవ్వి ఊరుకోవడానికి లేదు. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక ధర అప్పట్లో 10 సెంట్లు. 8.5 మార్కు వచ్చిన ఒక కాపీ 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. ఒక్క అర మార్కు తేడాలో ఇళ్ళూ పొలాలూ వచ్చే వ్యవహారం ఇది.

ఇంతకూ ఆ మార్కు దేనికి? నా పేచీ ఇక్కడే. అది పుస్తకం ఒంటికి వేసిన మార్కే గాని లోపలి కథకు కాదు. పరమ నాసి కథైనా అట్ట నలక్కుండా ఉంటే 9.8 కొట్టేస్తుంది. పది ఇళ్ళు తిరిగి, పాతిక మంది పిల్లలు బోర్లా పడుకుని చదివిన గొప్ప కథకు ఒకటో, ఒకటిన్నరో దక్కుతుంది. ఈ లెక్కన ఎవరికీ నచ్చని పుస్తకమే ఉత్తమ పుస్తకం. చదవడమనే పనిని తప్పుగా లెక్కగట్టే పరీక్షను సాహిత్యం తెలిసినవాళ్ళు ఎంతవరకు ఒప్పుకోగలరు?

సంతకం సంగతి మరీ విచిత్రం. రచయితో చిత్రకారుడో సంతకం పెడుతుండగా కంపెనీ మనిషి ఎదురుగా నిలబడి చూడాలి. అలా చూస్తే పసుపు చీటీ. చూడకపోతే, సాక్షాత్తూ ఆ చిత్రకారుడే పెట్టినా, అట్ట మీద గీసిన గీత కింద జమ. లోపమని చెప్పే ఆకుపచ్చ చీటీ వేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. పాత సంతకాలను తెలిసిన సంతకాలతో పోల్చి చెప్పే సంస్థలు వేరే ఉన్నాయి. కానీ పోల్చి చెప్పేది అభిప్రాయమే, కళ్ళారా చూసిన సాక్ష్యం కాదు.

న్యాయంగా మాట్లాడితే ఈ కట్టుదిట్టానికి కారణం లేకపోలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య బేరం. దొంగ సంతకాలకు కొదవ లేదు. సీలు పెట్టెలకూ తిప్పలు తప్పలేదు. మంచి మార్కు పడ్డ పెట్టెల్లో నాసిరకం కాపీలు చేర్చి అమ్మిన మోసం 2023 చివర్లో బయటపడింది. పెట్టె ఉంటేనే ఇలా ఉంటే, లేకపోతే ఎలా ఉండేదో!

మరి ఈ పద్ధతి మన పుస్తకాలకు నప్పుతుందా?

కదిరి దగ్గర మా గాండ్లపెంటలో నాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ ఉంది. ఆవిడ ట్రంకుపెట్టెలో బైండు చేయించిన చందమామలతో పాటు బాపు సంతకం చేసిన కార్టూన్ల పుస్తకం ఒకటుంది. అమెరికాలో ఉన్న కొడుకు దాన్ని పంపమన్నాడు, గ్రేడు వేయిస్తానని. ఆవిడకు అర్థం కాలేదు.

“మీ పెదనాయన మద్రాసుకు పోయినప్పుడు ఆయన చేతనే రాయించుకున్నాడు. పక్కన నేను నిలబడే ఉంటిని. ఇంక వేరే సాక్షి యాల మ్మా?” అంది.

నిజమే, ఆవిడకన్నా సాక్షి ఎవరు? అయితే పసుపు చీటీ పంచాయతీలో ఆవిడ సాక్ష్యం చెల్లదు. కొత్త సంతకం పెట్టించుకుందామా అంటే బాపు 2014లో వెళ్ళిపోయారు. అట్టల మీద బొమ్మలతో మన బాల్యాన్ని నింపిన వడ్డాది పాపయ్య 1992లోనే వెళ్ళిపోయారు. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి వేసిన శంకర్ 2020లో కన్నుమూశారు. మనం ప్రాణప్రదంగా చూసుకునే సంతకాలన్నిటికీ ఆ తలుపు మూసుకుపోయింది.

ఇంకో చిక్కు చెప్పాలి. బొమ్మ మూలన అచ్చయిన ‘వపా’ అన్న అక్షరాలు అచ్చులో భాగమే. ఆయన చేత్తో ఆ కాపీ మీద పెట్టిన సంతకం కాదు. రెంటికీ తేడా తెలియక మోసపోయేవాళ్ళున్నారు. బాపు సంతకమైతే ప్రతి కార్టూన్ కిందా చూసి చూసి తెలుగువాళ్ళందరికీ కంఠతా వచ్చినట్టే. అంచేత అనుకరించడమూ సులువే.

అన్నిటికన్నా పెద్ద మాట. 1947 జూలైలో మొదలైన చందమామకు ప్రాణం పోసినవాళ్ళలో చాలామంది సంతకం ఊసే ఎత్తలేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్సు పత్రికలో ఆయన పేరు లేకుండానే వచ్చాయి. పిల్లలు కథను గుర్తుపెట్టుకున్నారు, రాసినాయన పేరు పెద్దయ్యాక తెలుసుకున్నారు. ఆ సంచికలకు ఏ రంగు చీటీ వేస్తారు?

పెద్దమ్మ పుస్తకంలో ఒక పేజీ మీద శెనక్కాయ నూనె మరక ఉంది. మనవడి చేతివేళ్ళ గుర్తు. పరీక్షకుడు దానికి మార్కు కోస్తాడు, అది అతని ఉద్యోగం. పెట్టెలో సీలు వేస్తే మరక పెరగదన్నదీ నిజమే. కానీ ఆ మనవడు మళ్ళీ వచ్చినప్పుడు పేజీ తిప్పలేడు. పెట్టె పగలగొడితే ఆ మార్కుకు విలువ ఉండదు.

మా ప్రాంతంలోనే తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాని విస్తీర్ణం కొలిచారు, సుమారు ఐదెకరాలు. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. కొలిచి కాగితం ఇచ్చాక కూడా ఆ చెట్టు నీడ ఇస్తూనే ఉంది, పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ధ్రువపత్రమంటే నాకు కోపం లేదు. పుచ్చుకున్న తర్వాత వస్తువు తన పని తాను చేసుకోగలగాలి, అంతే. నీడ ఇవ్వని చెట్టుకీ, తెరవరాని పుస్తకానికీ ఎంత కొలత ఉంటే ఏం లాభం?

పెద్దమ్మతో నేనన్నది ఒకటే. అమ్మే ఉద్దేశం ఉంటే పంపు, పరాయివాళ్ళ దగ్గర నీ మాటకు బదులు ఆ చీటీ మాట్లాడుతుంది. అమ్మకపోతే పంపకు. నీ సాక్ష్యం నువ్వే రాసిపెట్టు. ఏ సంవత్సరం, ఏ ఊళ్ళో, ఎవరెవరు ఉన్నారు, ఏ మాటలు జరిగాయి, అన్నీ. పుస్తకం మీద కాదు, విడి కాగితం మీద. పుస్తకానికి సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు, ఎండా తేమా తగలనీయొద్దు.

మీ ఇళ్ళల్లోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. చూసినవాళ్ళు చెప్పగలిగే రోజుల్లోనే రాయించుకోండి. ఈ సెలవుల్లో పిల్లలొస్తారుగా, వాళ్ళ చేతనే రాయించండి. రాసే ముందు ఎలాగూ ఒకసారి పుస్తకం తెరుస్తారు.