మూడు ఊళ్లకు ఒకే నక్ష

జనగామ కలెక్టరేట్‌ని 2022 ఫిబ్రవరిలో తెరిచారు, మహబూబాబాద్‌ది 2023 జనవరిలో. భూపాలపల్లిదీ అదే అచ్చు. బోర్డు మూసేస్తే ఏది ఏ జిల్లాదో నేనైతే చెప్పలేను. కరువు చూసిన జనగామకీ, తండాల మానుకోటకీ, బొగ్గుబావుల భూపాలపల్లికీ ఒకే నక్ష ఎలా సరిపోయింది?

జాన్‌కార్లో డి కార్లో గురించి చదువుతుంటే ఈ ప్రశ్న పట్టుకుంది. 1919లో జెనోవాలో పుట్టిన ఈ ఇటలీ ఆర్కిటెక్ట్‌ని ఉర్బీనో అనే కొండ ఊరికి పిలిచింది యూనివర్సిటీ రెక్టర్ కార్లో బో. ఆయన సాహిత్య విమర్శకుడు (మనవాళ్లు కాస్త గర్వపడొచ్చు). అక్కడి హాస్టళ్లను డి కార్లో కొండ వాలు వెంట మెట్లుమెట్లుగా దించాడు. ఆ నక్ష ఇంకో ఊళ్లో పనికిరాదు.

నన్ను ఎక్కువ కదిలించింది తెర్ని. 1969లో అక్కడ స్టీలు కార్మికులకు కాలనీ గీయమన్నారు. ముందు వాళ్లతో మాట్లాడాలన్నాడు, అదీ పని గంటల్లోనే, జీతం కోత లేకుండా. ఆ మాటల్లోంచి వచ్చినవే ఇంటింటికీ మొక్కల డాబా, కార్లు అడ్డురాని నడక దారులు. అనుకున్నదాంట్లో కొంతే కట్టి ఆపేశారు. అడిగి కట్టడం నిదానం, ఒప్పుకోవాల్సిందే.

మన కలెక్టరేట్లు త్వరగానే లేచాయి. అర్జీ పట్టుకుని పది ఆఫీసులు తిరిగే బాధా తగ్గింది. కానీ భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ల వైపు వెళ్తే ముందు రేకుల పందిరి, వెనక మిరప మొక్కలు కనిపిస్తాయి. తెర్నిలో అడిగి గీసినవాటిని ఇక్కడ జనం కాపురానికొచ్చాక సొంతంగా కట్టుకున్నారు. కలెక్టరేట్ ముందు ఎండలో నిలబడ్డ అర్జీదారుకి ఆ వీలు లేదు.