చెవి ఒగ్గిన టెర్రియర్

శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్ళకు టెర్రియర్ జాతి పరిచయమైంది గ్రామఫోను ప్లేటు మీది బొమ్మగానే. తెల్లటి ఒళ్ళు, ముదురు రంగు చెవులు, బూరా ముందు తల ఒరగేసి కూర్చున్న కుక్క. హెచ్‌ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్, అంటే యజమాని గొంతు) అన్న అక్షరాలు చదవడం రాని పిల్లలు కూడా "ఆ కుక్క నిజంగా ఇంతందేటి?" అని పెద్దవాళ్ళను అడిగే ఉంటారు. వింటోంది. ఆ బొమ్మలో ఉన్నదంతా వినడమే.

దాని పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది. ఫాక్స్ టెర్రియర్ పోలికలున్న కలగలుపు జాతి. ఇంటికొచ్చినవాళ్ళ పిక్కలు పట్టేదని ఆ పేరు. పెంచిన మార్క్ బరాడ్ 1887లో చనిపోతే, చిత్రకారుడైన సోదరుడు ఫ్రాన్సిస్ దాన్ని చేరదీశాడు. 1895లో నిప్పరూ పోయింది. ఆ తర్వాతే ఫ్రాన్సిస్ దాన్ని గీశాడు.

టెర్రియర్‌ని పెంచినవాళ్ళకు ఆ చిత్రంలోని సాహసం ఇట్టే తెలుస్తుంది. నక్కల బొరియల్లో దూరడానికి తయారైన జాతి ఇది. ఏడెనిమిది కిలోల ఒళ్ళు, ఆగని ఉరుకు. పెరట్లో పందికొక్కు కదిలిందా, అరటిపాదు తవ్విపోస్తుంది. మట్టి కింద సడి ఎటుందో పట్టడానికి తల ఒరగేస్తుంది, ఒక్క క్షణం శిలైపోతుంది, మరుక్షణం దూకుతుంది. బరాడ్ పట్టుకున్నది ఆ దూకుడుకు ముందున్న క్షణాన్ని. అయితే ఇక్కడ దూకడానికి ఎలుక లేదు. వేట కోసం పుట్టిన శ్రద్ధ, వేట పోయి శ్రద్ధగానే మిగిలింది. నిటారుగా నిలిచిన ఆ ముందుకాళ్ళ బిగువు చూడండి, దాని పైన మెత్తగా ఒరిగిన మెడ చూడండి. ఆలంకారికులు సహృదయుడికి చెప్పిన తన్మయత ఇదే కదా!

మొదట గీసింది ఎడిసన్ ఫోనోగ్రాఫు. దాని మైనపు గొట్టం మీద ఇంట్లోవాళ్ళు తమ గొంతు తామే పట్టి ఉంచుకోవచ్చు. కాబట్టి పోయిన యజమాని గొంతు కుక్క వినడం జరగగల సంగతే. 1899లో గ్రామఫోను కంపెనీ వంద పౌన్లకు చిత్రాన్నీ హక్కులనూ కొంటూ తమ యంత్రాన్ని గీయమంది. బరాడ్ పాతదాని మీదే కొత్తది దిద్దాడు. ప్లేటు మీద ఇంట్లో గొంతు పట్టడం కుదరదు. న్యాయానికి బొమ్మ అర్థం చెడిపోవాలి. చెడలేదు, విశాలమైంది. ఒక్క మనిషి గొంతు ఉన్నచోట ఇప్పుడు ఎవరి పాటైనా ఉండొచ్చు. కరుణం అడుగుపొరలో ఉండిపోయి, గానం పైకొచ్చింది.

అలా పైకొచ్చిన పాటల్లో విజయనగరం వాటా చిన్నది కాదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా సంగీత కళాశాల వెలిసిన ఊరు. మధూకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర ఘంటసాల సంగీతం నేర్చిన ఊరు. ఆయన తొలి ప్రైవేటు రికార్డు, పేకేటి శివరాం పూనికతో, ఈ కుక్క బొమ్మ కిందే వచ్చింది. ప్లేటుతోపాటు నిప్పర్ గిర్రున తిరిగేది, చూపు మాత్రం బూరా మీంచి తప్పేది కాదు. అలాంటి గొంతు ఎదుట ఏ పొమరేనియన్‌నో కూర్చోబెట్టి ఉంటే ముద్దొచ్చేది, అంతే. పిక్కలు పట్టే టెర్రియర్ అలా కుదురుగా కూర్చుంది గనకే పాట బలం కంటికి కనిపించింది.